గూళ్లు అని రాస్తే గుడ్లు అని అచ్చేశారు

నేను వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా పనిచేసి రిటైరయ్యాను. పదవి పేరు పెద్దదే గానీ పని మాత్రం పొలాల్లో తిరగడం. ఉదయగిరి, వరికుంటపాడు, కొండాపురం, చివర్లో చేజర్ల, ఆత్మకూరు. ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కలే గడిచింది. ఇంత కాలంలో నేను శాఖను గట్టిగా అడిగింది ఒక్కటే, ఒక పోస్టరు మీద ఒక మాట మార్చమని. నోటితో అడిగాను. కాగితం మీద రాసి అడిగాను. మీటింగులో లేచి నిలబడి అడిగాను. నా వీడ్కోలు సభలో శాలువా కప్పుతున్న అధికారిని కూడా అడిగాను. ఆయన ఫోటో తీసేవాడి వైపు చూసి నవ్వారు. మారుస్తామని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మార్చం అని కూడా చెప్పలేదు. రెండోది చెప్పినా నాకు కొంత గౌరవం దక్కేది.

విషయం మొదటే చెప్పేస్తాను. ఆ పోస్టరులో ఒక ఆకు బొమ్మ ఉంది. ఆకు మీద ఒక గొంగళి పురుగు, దాని పక్కన దూదిలాంటి తెల్లటి ముద్ద. కింద ఇలా ఉంటుంది: "గొంగళి పురుగు గుడ్లు. కనిపించిన వెంటనే ఏరి కాల్చివేయండి." అవి గుడ్లు కావు. గొంగళి పురుగును చంపే ఒక చిన్న కందిరీగ కట్టుకున్న గూళ్లు. అంటే మన రైతు చేనుకు కాపలా కాసేదాన్ని మన రైతు చేతనే మనం కాల్పిస్తున్నాం. ఈ సంవత్సరం కూడా ఆ పోస్టరు వచ్చింది. ఇప్పుడు గోడ మీదకు రాలేదు, ఫోన్లలోకి వచ్చింది. అంతే తేడా.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఒకరిద్దరు "మీ అనుభవాలు రాయండి సార్" అన్నారు. అడిగినవాళ్లు చదువుతారన్న నమ్మకం నాకు లేదు. అయినా రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా.

చేలో అడిగే ప్రశ్న

రైతు మనల్ని చేలోకి పిలిచేది ఒకే ప్రశ్న కోసం. "సార్, ఏం మందు కొట్టేది?" ఆ ప్రశ్నకు మందుల షాపు యజమాని మనకంటే ముందే జవాబు చెప్తాడు. కుర్చీ వేసి, టీ ఇచ్చి చెప్తాడు. మనం దుమ్ము కొట్టుకుపోయిన బండి మీద ఆలస్యంగా వెళ్లి "చూద్దాం" అంటాం. అందుకని కొత్తవాళ్లు తొందరపడి ఒక మందు పేరు చెప్పేస్తారు. చెప్తే పని అయిపోతుంది, రైతు కూడా సంతోషిస్తాడు.

నా మాట వినేవాళ్లయితే, ఆకు తిప్పి చూడకుండా నోరు తెరవకండి. పైనుంచి చూస్తే కనిపించేది నష్టం మాత్రమే. చేసినవాడు, వాడి శత్రువు ఇద్దరూ ఆకు అడుగునే ఉంటారు.

మా ఏ.డి. గారు, అంటే డివిజన్‌కు పెద్ద అధికారి, ఆకు తిప్పేవారు కాదు. ఆయన గురించి న్యాయంగా రాయాలి కాబట్టి రాస్తాను. ఒక సంవత్సరం మొలక రాని వేరుశనగ విత్తనం వస్తే లారీని ఉదయగిరిలో దించనివ్వకుండా వెనక్కి పంపించారు. ఎవరెవరో ఫోన్లు చేశారు. ఆయన కదల్లేదు. ఆ రోజు ఆయనకు మనస్ఫూర్తిగా నమస్కారం పెట్టాను. కానీ కింది ఉద్యోగి నలుగురిలో తప్పు చూపిస్తే భరించలేరు. నేను చూపించేది నలుగురిలోనే. గదిలోకి పిలిచి చెవిలో చెప్పడం నాకు రాదు. అందుకే మీటింగులో టీ నా వరుస దాకా వచ్చేసరికి కప్పులు అయిపోయేవి. ఇది ఒకసారి జరిగితే పొరపాటు అనుకునేవాణ్ణి.

ఈనిన పురుగు

ఆ కందిరీగను నేను మొదట చూసింది వరికుంటపాడు దగ్గర ఒక పల్లెలో, మస్తానమ్మ చేలో. భర్త పోయిన మనిషి. కొడుకు, కోడలు, ఒక గొర్రెల మంద, బోరు కింద వేరుశనగ. పురుగు ముందు దాని మీదే వాలుతుంది, వేరుశనగ జోలికి పోదని నేను చెప్తే గట్టు చుట్టూ ఆముదం వేసింది. వానలు పడ్డాక గొంగళి పురుగు లేచింది. చూడమని కబురు పంపింది.

నేను వెళ్లేసరికి ఆమె ఒక ఆముదపాకును కాడతో సహా పట్టుకుని నిలబడి ఉంది.

"సార్, ఈ పురుగు ఈనింది చూడు" అంది.

గొర్రెలు కాసే ఇల్లు కాబట్టి ఆమెకు వచ్చిన మాట అది. నాకు నవ్వొచ్చింది.

"పురుగు ఈనదమ్మా. అది రెక్కల పురుగైన తర్వాత గుడ్లు పెడుతుంది."

"నీకు తెలీదులే సార్. కళ్ల ముందర కనిపిస్తుంటే కాదంటావేంది? ఇదో, తెల్లంగా పిల్లలు. తల్లి పక్కనే కూచోనుండాది. మేత గూడా తినడంలే, పొడిస్తే గూడా కదలడంలే. పిల్లల్ని ఇడిచిపెట్టి పోతుందా?"

చూస్తే నిజంగానే అలాగే ఉంది. నిండుగా పెరిగిన గొంగళి పురుగు, దాని పొట్ట పక్కన బియ్యపు నూకంత తెల్లటి గూళ్లు ఒకదానికొకటి అంటుకుని, పైన పలచగా దారాలు. పురుగు ఆకు కొరకడం మానేసింది. కాపలా కాస్తున్నట్టే ఉంది. ఆ ఆకును కవరులో పెట్టుకుని ఇంటికి తెచ్చి, ఒక గాజు సీసాలో వేసి, మూతికి పాత పంచె గుడ్డ కట్టాను. అది ఊరగాయ సీసా. మా ఆవిడ చూసింది.

"ఏందబ్బా ఇది? నిమ్మకాయ ఊరగాయ పెట్టే సీసాలో గొంగళి పురుగా?"

"కొద్ది రోజులే."

"నాకేం వద్దు ఆ సీసా. మీరే దాచుకోండి."

ఆ మాట మీద ఆమె ఇప్పటికీ నిలబడే ఉంది. ఆ సీసాలో మా ఇంట్లో ఊరగాయ పెట్టరు.

కొద్ది రోజులకు గుడ్డ లోపలి వైపు నల్లటి చుక్కలు కదులుతున్నాయి. దోమకన్నా చిన్నవి. నాలుగు పలచటి రెక్కలు, నల్లటి ఒళ్లు, ముందు పొడవాటి మీసాలు. ఒక్కో గూడుకు చివర డబ్బా మూత తెరిచినట్టు గుండ్రటి కోత. గొంగళి పురుగు ఎండిపోయి తోలు మాత్రం మిగిలింది. సీసాలో ఒక్క గొంగళి పిల్ల కూడా పుట్టలేదు.

పుస్తకంలో చదివిన విషయమే. ఈ చిన్న కందిరీగల్లో ఆడది లేత గొంగళి పురుగు ఒంట్లోకి గుడ్లు పొడుస్తుంది. పిల్లలు లోపల పెరుగుతాయి. పెరిగాక చర్మం తొలుచుకుని బయటికొచ్చి పక్కనే గూళ్లు కట్టుకుంటాయి. పురుగు వెంటనే చావదు. తిండి మాని అక్కడే ఉంటుంది. చదవడం వేరు, మన సీసాలో చూడడం వేరు. ఆ రాత్రి మా ఆవిడను పిలిచి చూపించాను. ఆమె చూసింది. సీసా మాత్రం వద్దంది.

చేతిరాత

తర్వాత మళ్లీ మస్తానమ్మ చేనుకు వెళ్లి, నా కెమెరాతో ఒక బొమ్మ తీశాను. ఎడమచేత్తో ఆకు పట్టుకుని కుడిచేత్తో తీశాను కాబట్టి ఆకు అంచున నా బొటనవేలు పడింది. ఆ సంవత్సరం శాఖ ఒక పోస్టరు వేస్తోంది, మంచి బొమ్మలుంటే పంపమన్నారు. పంపాను. వెనక చేత్తో రాశాను: "గొంగళి పురుగు పక్కన గూళ్లు."

పట్టు పురుగుల పెంపకంలో అందరూ అనే మాటే అది, పట్టు గూళ్లు. తెలియని మాట కాదు. నా చేతిరాత బాగుంటుంది, ఈ సంగతి మా శాఖలో నన్ను తిట్టేవాళ్లు కూడా ఒప్పుకుంటారు. అయినా టైపు చేసేచోట "గూళ్లు" కాస్తా "గుడ్లు" అయింది. పక్కన అన్న మాట ఎగిరిపోయింది. ప్రూఫు చూసినవాళ్లు గుడ్లని చదివారు. గుడ్లు అన్నాక ఏరివేయమని రాయడం మా శాఖ అలవాటు, దానికి ఎవరూ ఆలోచించాల్సిన పని లేదు. ఆ వాక్యం తనంతట తానే వచ్చి కూర్చుంది. పోస్టరు కట్టలు ఆఫీసుకు వచ్చాక చూశాను. నా బొమ్మ, నా వేలు, కింద ఆ మాట.

ఏ.డి. గారి దగ్గరికి వెళ్లాను. గదిలో ఇంకా నలుగురు ఉన్నారు.

"సార్, ఇవి గుడ్లు కాదు, గూళ్లు."

"తేడా ఏంటయ్యా?"

"గుడ్లయితే పురుగువి సార్. గూళ్లయితే పురుగును చంపేవాటివి."

ఆయన పోస్టరు కళ్లకు దగ్గరగా పట్టుకుని చూశారు. "అచ్చయిపోయింది కదా. ఒక్క అక్షరం కోసం అన్నీ చింపేయమంటావా? వచ్చే ఏడు చూద్దాం."

"ఒక్క అక్షరం కాదు సార్. కింద కాల్చమని కూడా ఉంది."

"పురుగును కాల్చమన్నాం. మనిషిని కాదు కదా" అన్నారు. నలుగురూ నవ్వారు. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలిన ఇద్దరూ ఎక్కడున్నారో నాకు తెలుసు.

ఆ వచ్చే ఏడు పాత పోస్టరునే మళ్లీ వేశారు. రంగు మార్చారు.

కడుపుతో ఉన్న ఇల్లు

మస్తానమ్మ చేను పక్కన చేను పెంచలయ్యది. శాఖ ఏం చెప్తే అది చెప్పినట్టు చేసే రైతు. అలాంటివాళ్లు తక్కువ. ఆయన ఇంటి గోడ మీద మా పోస్టర్లు దేవుడి పటాల పక్కన ఉండేవి. ఈ పోస్టరు చూసి భార్యాభర్తలు గంప పట్టుకుని ఆముదం గట్టంతా తిరిగి, తెల్లటి ముద్ద ఉన్న ప్రతి ఆకూ కోసి, కుప్ప పోసి తగలబెట్టారు. నేను వెళ్లేసరికి బూడిద చూపించాడు.

"ఒక్కటి వదల్లేదు సార్."

"అయ్యో పెంచలయ్యా, అవి పురుగు గుడ్లు కాదయ్యా."

"మీ ఆఫీసు పోస్టరే గదా సార్? మీ బొమ్మే అని గూడా చెప్పినారు గదా?"

ఆయన నాతో వాదించలేదు, వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడు.

మస్తానమ్మ గట్టు మీద మాత్రం ఆకులు అలాగే ఉన్నాయి. "నీ కొడుక్కి పోస్టరు చూపించలేదా?" అన్నాను.

"చూపించినా. వాడు తాకనంటుండాడు. కోడలు కడుపుతో ఉండాది. కడుపుతో ఉండే ఇంట్లో మొగుడు ఈనినదాన్ని చంపకూడదు సార్. పిల్లలతో సహా కాలుస్తారంటనా? మీ ఆఫీసోళ్ల ఇళ్లల్లో కడుపుతో ఉండేవాళ్లే లేరా?"

నేను ఏమీ దిద్దలేదు. కారణం తప్పు, చేసిన పని సరైనది. మా ఆఫీసులో రెండూ తప్పే. ఆమెను కదిలించడం ఎందుకనుకున్నాను.

రెండో తడవ పురుగు లేచినప్పుడు పెంచలయ్య వేరుశనగలో ఆకు మిగల్లేదు, ఈనెలు మాత్రం నిలిచాయి. మస్తానమ్మ చేలోనూ పురుగు పడింది కానీ చేను పచ్చగానే ఉంది. ఆకు తిప్పితే ఎక్కడ చూసినా తెల్లటి గూళ్లే. నేను వెంటనే ఏ.డి. గారి దగ్గరికి పోయాను. మాటల్లో చెప్తే వినరు కాబట్టి, కళ్లతో చూడమని జీపులో ఎక్కించుకుని వచ్చాను. ఆయన రెండు చేలూ తిరిగారు. మొదటిసారి ఆకు తిప్పారు. చాలాసేపు చూశారు. నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మస్తానమ్మ మజ్జిగ తెచ్చింది. వెనక కోడలు సుజాత చెంబు పట్టుకుని వచ్చింది. నెలలు నిండిన పిల్ల. ఏ.డి. గారు మంచి ఉత్సాహంలో ఉన్నారు.

"అమ్మా, చాలా తెలివైన పని చేశావు. వీటిని కాల్చకుండా ఉంచావు."

"ఈనినదాన్ని ఎట్టా కాలుస్తాం సార్? తల్లి గదా."

"తల్లి కాదమ్మా. ఇవి పురుగు పిల్లలే కావు. ఒక చిన్న కందిరీగ వచ్చి దీని కడుపులో గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలు లోపల్నుంచి దీన్ని తింటూ పెరుగుతాయి. పెరిగి, పొట్ట చీల్చుకుని బయటికొస్తాయి. అప్పటికీ ఇది బతికే ఉంటుంది."

ఒక్క అబద్ధం లేదు అందులో. పుస్తకంలో ఉన్నదే. నేను మస్తానమ్మ ముఖం చూశాను. ఆమె కోడలి ముఖం చూసింది. సుజాత చెంబు కింద పెట్టి, రెండు చేతులూ పొట్ట మీద వేసుకుని ఇంటివైపు నడిచింది.

"అంటే కడుపులో పడినయ్యే దాన్ని తినేసినాయా?"

"అవును. అందుకే మీకు మంచిది."

"ఏం మంచిది సార్? ఏం మాటలవి, కడుపుతో ఉండే బిడ్డ ముందర! అదేమో పొద్దన్నుంచి నడుం నొప్పంటుండాది, మీరు వచ్చి ఇదా చెప్పేది?" ఆమె నా వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను.

"తెలిసే నా చేలో పెరగనిచ్చినావా? ఛీ."

ఆ సాయంత్రమే ఆమె కొడుకు గట్టు మీద ఆముదాన్నంతా నరికి తగలబెట్టాడు. కందిరీగలూ పోయాయి, పురుగుకు ఎరగా వేసిన ఆముదమూ పోయింది.

జీపులో ఏ.డి. గారు "ఈ జనానికి సైన్సు చెప్పడం దండగయ్యా" అన్నారు.

"చెప్పింది సైన్సే సార్. ఎవరి ముందు చెప్పారో చూసుకోలేదు."

కొండాపురం ఊళ్లోకి వచ్చాక నేనే అడిగాను. "పోస్టరు సంగతి సార్?"

"నువ్వింకా ఆ పోస్టరేనా?" అన్నారు.

అక్కడితో నాకు అర్థమైంది. ఆయన చూశారు, నమ్మారు కూడా. కానీ ఆ రోజు ఆయనకు మిగిలింది పోస్టరు తప్పు కాదు, మస్తానమ్మ ఛీ అనడం.

కొత్తవాళ్లకు చెప్పేది ఇది. నిజం మొత్తం చెప్పాలి, కానీ రైతుకు ముందు కావాల్సిన ముక్క ముందు చెప్పాలి. తర్వాత నేను చెప్పిన పద్ధతి వేరు. "గొర్రెలకు కుక్క ఎట్టనో, నీ చేనుకు ఇవి అట్ట" అంటాను. ఎలా చంపుతాయని అడిగితే అప్పుడు చెప్తాను, అడిగినంతవరకే. కందిరీగ అన్న మాట కూడా వెంటనే వాడను. ఒకసారి చేజర్ల దగ్గర ఆడవాళ్లు పదిమంది కలుపు తీస్తుంటే ఆ మాట అన్నాను. "కుట్టే ఈగల్ని చేలో పెంచమంటుండాడు" అని గట్టెక్కి కూర్చున్నారు. కూలీలను కందిరీగల్లోకి దించానని ఆ చేను రైతు నాతో చాలాకాలం మాట్లాడలేదు.

కందిరీగ ఉందా అని చూడకుండా

ఇంత చెప్పాను కదా అని దీన్ని దేవుణ్ణి చేయకండి. నా దగ్గర విన్న ఒక కొత్త అధికారి ఆత్మకూరు వైపు ఒక మినుము రైతుకు "మందు కొట్టొద్దు, కందిరీగ చూసుకుంటుంది" అని చెప్పాడు. ఆకు తిప్పలేదు. ఆ చేలో కందిరీగ లేనే లేదు. రైతు కొన్నాళ్లు ఆగాడు, తర్వాత వెళ్లి మందు తెచ్చి కొట్టాడు. అతను చేసిందే సరైన పని. ఆ కుర్రాడు వచ్చి "మీరే కదా సార్ చెప్పింది" అన్నాడు. నేను చెప్పింది మందు కొట్టొద్దని కాదు. చూడమని. గూళ్లు ఎక్కువగా ఉంటే ఆగు. లేకపోతే, పురుగు మితిమీరితే, కొట్టు. ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం నా దగ్గర లేదు.

తేడా కూడా రాస్తాను, పోస్టరు రాయడం లేదు కాబట్టి. గుడ్లు గుండ్రంగా, గసగసాల్లా ఉంటాయి, ఆకు అడుగున గుంపుగా అతుక్కుని ఉంటాయి. వాటి దగ్గర పెద్ద పురుగు ఉండదు. గూళ్లు పొడుగ్గా, నూకల్లా ఉంటాయి, పైన దూది దారం. పక్కన కదలని గొంగళి పురుగు ఉంటుంది. మొదటివి ఏరండి. రెండోవి వదిలేయండి. ఇది రాయడానికి పోస్టరులో చోటు చాలదా?

తెలియదు అన్న ఒకే మనిషి

సీసాలో పుట్టినవాటిని ఒక పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడ ఒక సైంటిస్టు మేడమ్ ఉన్నారు. నేను దూదిలో చుట్టి తెచ్చానని మొదట కోప్పడ్డారు, రెక్కలు విరిగాయని. తర్వాత సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తూ కూర్చున్నారు. నన్నూ చూడమన్నారు.

"దీని పేరేంటి మేడమ్?"

"తెలియదండీ."

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక అధికారి నోట ఆ మాట విన్నది అదొక్కసారే.

"ఏ గుంపులోదో చెప్పగలను. జాతి చెప్పలేను. ఈ గుంపులో ఒకదానికొకటి పోలినవి చాలా ఉంటాయి. మీరు తెచ్చినది మా దగ్గరున్న వాటితో సరిగ్గా కలవడం లేదు. రెక్కలు విరగనివి, ఆడా మగా రెండూ, స్పిరిట్‌లో వేసి పంపండి."

మస్తానమ్మ, పెంచలయ్యల చేల సంగతి చెప్పి, ఇదే రుజువు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "రెండు చేలు చూసి తీర్పు చెప్పకూడదు. నేల తేడా ఉండొచ్చు, నీళ్ల తేడా ఉండొచ్చు" అన్నారు. అక్కడ గొడవపడ్డాను. ఆమె మాటలో న్యాయముంది. అయినా, రెండు చేలైనా చూడకుండా పోస్టరు వేసినవాళ్లను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

చెప్పినట్టే మళ్లీ పట్టి పంపాను. ఈలోగా ఆమెకు బదిలీ అయింది. తర్వాత వచ్చినవాళ్లు అందిందని కూడా చెప్పలేదు. కాబట్టి మన ఉదయగిరి కొండల కింద గొంగళి పురుగును చంపుతూ బతికే ఆ ప్రాణికి నాకు తెలిసి పేరు లేదు. పేరు లేనిదాని తరఫున ఫిర్యాదు చేయడం చాలా కష్టం. మీరు ఒకసారి చేసి చూడండి.

ఫోను

మొన్న సుజాత ఫోను చేసింది. మస్తానమ్మ ఇప్పుడు మంచం దిగడం లేదు. సేద్యమంతా సుజాతదే. అప్పుడు కడుపులో ఉన్న పిల్ల హైస్కూల్లో చదువుతోంది. సొంత చేను కాక ఇంకో చేను కౌలుకు తీసుకుని వేరుశనగ వేసింది. గట్టు మీద ఆముదం కూడా వేసిందట. మళ్లీ ఎందుకేశావన్నాను.

"మీరు చెప్పిందే గదా సార్. అత్త నరికించింది గానీ నేను మర్చిపోలా."

"భయం లేదా ఇప్పుడు?"

"అప్పుడు చిన్నదాన్ని. ఇప్పుడు ఆ పురుగు తినేసిన చేను చూసినాక, దాన్ని ఏం తిన్నా నాకు సంబరమే" అని నవ్వింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది. "సార్, ఫోన్‌లో బొమ్మ వచ్చింది. తెల్లంగా ఉండేవి ఏరి కాల్చమని. ఊళ్లో ఆఫీసు పిల్లోడు వచ్చి నా గట్టు చూసి, ఇన్ని గుడ్లు పెట్టుకోని ఏం చేస్తుండావక్కా, నీ ఒక్కదాని వల్ల ఊరంతటికీ పురుగు పడతాది అన్నాడు. పక్క చేలోళ్లు గూడా అదే మాటంటుండారు. ఎవరి మాట వినేది నేను?"

ఏరొద్దన్నాను.

"ఆ మాట మీరు వాళ్లకు చెప్పండి సార్. నేను చెప్తే ఎవరింటారు? రేపు పురుగు పడితే నా చేను మీదకే వస్తారు."

మర్నాడు నాకు దగ్గర్లో ఉన్న ఆత్మకూరు ఆఫీసుకు వెళ్లాను. అక్కడున్న యువ అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, టీ కూడా తెప్పించాడు. నేను రాసుకుంటున్నాను కాబట్టి అది కూడా రాస్తున్నాను.

"పైనుంచి వచ్చింది సార్, మేం ఫార్వర్డ్ చేశామంతే."

"ఇది తప్పు బాబూ. ఈ బొమ్మ తీసింది నేను."

"మీరా సార్?" అని ఫోనులో బొమ్మను పెద్దది చేసి చూశాడు. "బాగుంది సార్. క్లారిటీ బాగుంది."

"కింద మాట మార్చు."

"నా చేతిలో లేదు సార్. పైవాళ్లు మార్చాలి."

"పైన ఎవరు?"

అతనికి తెలియదు. నిజంగానే తెలియదు. కనుక్కుంటానన్నాడు, ఫోను నెంబరు తీసుకున్నాడు. ఇంకా చేయలేదు.

అందుకే ఇది రాసి అందరికీ పంపుతున్నాను. ఈ సంవత్సరం ఆ బొమ్మను ఫోన్లలోకి పంపమని ఆదేశించిన అధికారి ఎవరో నాకు తెలియదు. ఆయన పేరు నాకు అక్కర్లేదు, ఇక్కణ్ణుంచి నేను చెప్పేది మాత్రం ఆయనకే. ఒక ఆడమనిషి ఊరి మాటకు ఎదురు నిలబడి గట్టు మీద ఆకులు కోయకుండా ఆపుకుంటోంది. ఆమెకు ఆధారం నా మాటొక్కటే. నేను రిటైరైన మనిషిని, నా మాట మీద ముద్ర లేదు. మీ తప్పు మీద ముద్ర ఉంది. పురుగు రెండో తడవ లేచేలోపు మీరు జవాబు చెప్పాలి. నాది పొరపాటైతే పొరపాటని చెప్పండి, నేనే వరికుంటపాడు వెళ్లి ఆమె గట్టు మీద ఆకులు కోసి కాలుస్తాను. నాది నిజమైతే ఆ వాక్యం తీసేసి, తీసేశామని ఆ ఊరి ఫోన్లన్నిటికీ పంపండి. చూస్తాం అనొద్దు, పరిశీలనలో ఉందనొద్దు. అవునో కాదో చెప్పండి, కింద సంతకం పెట్టండి. నాకు పంపకపోయినా ఫర్వాలేదు. సుజాతకు పంపండి.